ఇంజిన్ పోయిన మాడిఫైడ్ టర్బో కారు అమ్మాలంటే

పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), డౌన్‌పైప్ (టర్బో వెనక ఎగ్జాస్ట్ గొట్టం), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్) అంటూ ఏళ్ళ తరబడి డబ్బు పోసిన కారు ఇప్పుడు టకటకమని కొట్టుకుంటోంది, లేదా నీలం పొగ కక్కుతోంది. ఇంజిన్ దించి బాగు చేయించే ఓపిక లేదు, అమ్మేద్దాం అనుకుంటున్నారు. ముందు ఒక మాట, నచ్చకపోయినా వినండి: ఈ కారు మీద మీరు పెట్టిన ఖర్చుకూ దానికి వచ్చే ధరకూ సంబంధం లేదు. బిల్లులన్నీ కూడి "ఇందులో సగం వచ్చినా చాలు" అని మొదలుపెట్టేవాళ్ళ కార్లు నెలల తరబడి కవరు కిందే ఉంటాయి. కొనేవాడు చూసేవి రెండే. ఏం పాడైందో ఖాయంగా తెలుసా, బాగు చేశాక తన చేతిలో ఏం మిగులుతుంది. మొదటిదానికి జవాబు మీ దగ్గర ఉంటే ధర నిలబడుతుంది, లేకపోతే వాడు అన్నిటికన్నా పెద్ద రిపేరే ఊహించుకుని ధర చెప్తాడు, అందులో వాడిని తప్పుపట్టడానికీ లేదు. గేదెను నీళ్ళలో పెట్టి బేరమాడితే ఎవరు మాత్రం పూర్తి ధర ఇస్తారు?

1. స్టార్ట్ చేయడం ఆపండి

చప్పుడు లోపలి నుంచి, ఇంజిన్ కింది భాగం నుంచి వస్తూ, ఆక్సిలరేటర్ తొక్కితే పెరుగుతూ ఉంటే అది కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ కావచ్చు. దాన్ని ఇంకో నాలుగుసార్లు స్టార్ట్ చేసి ఫ్రెండ్స్‌కి వినిపించడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. బేరింగ్ మాత్రమే పోయిన ఇంజిన్‌లో క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) గ్రైండ్ చేసి వాడుకోవచ్చు, బ్లాక్ పనికొస్తుంది, హెడ్ పనికొస్తుంది. అదే రాడ్ విరిగి బ్లాక్‌కు చిల్లు పెట్టి బయటికొచ్చిందంటే మీరు అమ్ముతున్నది ఇంజిన్ లేని కారే. కొనేవాళ్ళకు చప్పుడు వినిపించాలనుకుంటే ఒకసారి, కొద్ది సెకన్లు, వీడియో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ వీడియోనే పంపండి.

2. ఏం పోయిందో తేల్చండి

ఇక్కడ పెట్టే డబ్బంత తేలిగ్గా తిరిగొచ్చేది ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదు. "ఇంజిన్‌లో చిన్న ప్రాబ్లం ఉంది, మెకానిక్ చూస్తే తెలుస్తుంది" అని రాసిన కారుకూ, "మూడో సిలిండర్‌లో కంప్రెషన్ లేదు, రింగ్ ల్యాండ్ విరిగింది, బోరోస్కోప్ ఫొటో ఇదిగో" అని రాసిన కారుకూ వచ్చే ఫోన్లే వేరు (కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, రింగ్ ల్యాండ్ అంటే పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు, బోరోస్కోప్ అంటే ప్లగ్ రంధ్రంలోంచి లోపల చూసే సన్న కెమెరా). మొదటిదానికి తుక్కు కొనేవాళ్ళు ఫోన్ చేస్తారు, రెండోదానికి ఆ ఇంజిన్ సంగతి తెలిసినవాళ్ళు చేస్తారు.

మొదట తేలికైనవి చూడండి. మిస్‌ఫైర్ అవుతున్న (పెట్రోలు సరిగా మండని) సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు కరెంటిచ్చేది) తీసి పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్‌ఫైర్ కూడా దానితో పాటు మారితే మీకు పోయింది కాయిల్, ఇంజిన్ కాదు. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పెంచిన కార్లలో ప్లగ్ గ్యాప్ ఎక్కువగా ఉంటే లోడ్ మీద స్పార్క్ ఆరిపోయి తడబడుతుంది, అదీ ఇంజిన్ జబ్బు కాదు. గొట్టాల క్లాంపు ఊడి బూస్ట్ లీకవుతున్నా బండి నల్ల పొగ వదులుతూ లాగకుండా ఉంటుంది. ఇవేవీ చూడకుండా "ఇంజిన్ పోయింది" అని అమ్మేస్తే, కొన్నవాడు మర్నాడే ఒక కాయిల్ వేసి నడుపుకుంటాడు.

తర్వాత పొగ. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసన అంటే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్‌ను (బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే సీలును) అనుమానించండి. నలుపైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. నీలం పొగ చూడగానే రింగులు పోయాయని కంగారు పడకండి, టర్బో సీలు పోయినా అచ్చం అదే పొగ వస్తుంది. ఇన్‌టేక్ పైపు విప్పి టర్బో షాఫ్ట్‌ను వేళ్ళతో కదిపి చూడండి. పక్కలకు కొంచెం ఆడడం మామూలు బుష్ బేరింగ్ టర్బోలకు సహజమే, ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు అలాగే ఆడుతుంది. లోపలికీ బయటికీ జరుగుతోందంటే, లేదా చక్రం అంచు హౌసింగ్‌కు రాసుకున్న గుర్తులుంటే టర్బో అయిపోయినట్టే. కంప్రెషన్ బాగుండి టర్బో మాత్రమే పోయిందని మీరు నిరూపించగలిగితే కారు ధర వేరే లెక్కలోకి వెళ్తుంది.

కంప్రెషన్ టెస్ట్ అన్ని ప్లగ్గులూ తీసేసి, ఇంజెక్టర్లకూ కాయిల్స్‌కూ కరెంటు ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేయించండి. అంకెలు ఇంజిన్‌ను బట్టి మారతాయి కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ ఉన్న సిలిండర్‌కూ తక్కువ ఉన్నదానికీ తేడా చూడండి, 10–15 శాతం దాటితే అనుమానమే. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. మాడిఫైడ్ ఇంజిన్లలో ఒక తిరకాసు ఉంది. కంప్రెషన్ తగ్గించిన ఫోర్జ్డ్ పిస్టన్లు, ఎక్కువ డ్యూరేషన్ క్యామ్‌లు (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేవి) వేసి ఉంటే అన్ని సిలిండర్లలోనూ అంకె సమానంగా తక్కువే వస్తుంది. ఇది తెలియని కొనుగోలుదారు కంపెనీ అంకెతో పోల్చి "ఇంజిన్ మొత్తం అరిగిపోయింది" అని తేల్చేస్తాడు. లోపల ఏ పిస్టన్లున్నాయో కాగితం చూపించగలిగితే ఆ వాదన అక్కడితో ఆగుతుంది. చప్పుడు విషయంలోనూ ఇదే కథ. 2618 అనే అల్యూమినియం అల్లాయ్ ఫోర్జ్డ్ పిస్టన్లకు చల్లగా ఉన్నప్పుడు సిలిండర్‌తో ఖాళీ ఎక్కువ ఉంటుంది కాబట్టి పొద్దున్నే స్టార్ట్ చేస్తే టపటపమంటాయి, వేడెక్కాక తగ్గుతుంది. వేడెక్కే కొద్దీ పెరిగేదే బేరింగ్ చప్పుడు.

వీలైతే లీక్‌డౌన్ టెస్ట్ కూడా. సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత శాతం కారిపోతోందో చూస్తారు, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడి నుంచి కారుతోందో వింటారు. ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు లేదా పిస్టన్. సైలెన్సర్ వైపు నుంచైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపు నుంచైతే ఇన్‌టేక్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్, లేదా ఎక్కడో పగులు. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడడం దాదాపు ఖర్చు లేని పని. మెరిసే రేకులు కనిపిస్తే లోపల లోహం అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే బేరింగ్ లోహమో అల్యూమినియమో. అన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీ ఇంజిన్‌కు పేరుపడ్డ జబ్బు ఏదైనా ఉంటే దాన్ని మీరే ముందు ప్రస్తావించండి. సుబారు ఎస్‌టీఐలో వచ్చే 2.5 లీటర్ల ఈజే టర్బో ఇంజిన్‌కు రింగ్ ల్యాండ్లు విరగడం, 1995–99 మిత్సుబిషి ఎక్లిప్స్‌లలోని 4జీ63 ఇంజిన్‌కు క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగడం, ఆ కార్ల వాళ్ళందరికీ తెలిసిన సంగతులే. 4జీ63 కొనడానికి వచ్చినవాడు మొదట చేసేది ఒకరిని క్లచ్ తొక్కమని తాను క్రాంక్ పుల్లీ కదులుతోందా అని చూడడం. ఆ వీడియో మీ దగ్గర ముందే ఉండాలి.

3. కారులో ఏమేం ఉన్నాయో రాయండి

కూర్చుని ముందు నుంచి వెనక దాకా ఒక్కో పార్టూ రాయండి: బ్రాండ్, సైజు, కొత్తగా వేశారా పాతది వేశారా, బిల్లుందా. టర్బో మోడల్, ఇంజెక్టర్ల సీసీ, ఫ్యూయల్ పంపు, వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను అదుపులో పెట్టేది), క్లచ్, గేర్‌బాక్స్‌లో చేసిన పని, ఏ పెట్రోలుకు ట్యూన్ చేశారు. డైనో షీట్ (కారు పవర్ కొలిచిన కాగితం) ఉంటే పెట్టండి కానీ అది ఇంజిన్ బాగున్న రోజుదని పక్కనే రాయండి. "ఇన్ని హార్స్‌పవర్" అని షీట్ లేకుండా రాసే అంకెను ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను.

ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సంగతి విడిగా చూడండి. హాల్‌టెక్, లింక్ లాంటి స్టాండలోన్ ఈసీయూ (కంపెనీదాని బదులు వేసేది) ఉంటే అది కారుతో వెళ్తుందా లేదా, మ్యాప్‌కు (అందులోని ట్యూన్ సెట్టింగులకు) పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ముందే తేల్చుకోవాలి. ట్యూనర్ మ్యాప్‌ను లాక్ చేసి ఇస్తే కొత్త యజమాని దాన్ని తెరవలేకపోవచ్చు, అలాంటప్పుడు ట్యూనర్‌తో మీరే మాట్లాడి పెట్టండి. కాబ్ యాక్సెస్‌పోర్ట్ (ఈసీయూలోకి ట్యూన్ ఎక్కించే చిన్న పరికరం) వాడుతున్నవాళ్ళయితే ఆ డబ్బా మీ కారు ఈసీయూకే ముడిపడి ఉంటుంది. విడిగా అమ్ముకుందామనుకుంటే ముందు కారులోంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి ఈసీయూను స్టాక్‌కు (కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి) తేవాలి, కారు అమ్మేశాక గుర్తుకొస్తే ఆ డబ్బాను ఇంకో కారుకు వాడడం కష్టం.

పాత స్టాక్ పార్టులు అటక మీదో షెడ్డులోనో ఉంటే అన్నీ బయటికి తీయండి. అసలు ఎయిర్ బాక్స్, క్యాటలిటిక్ కన్వర్టర్, స్టాక్ టర్బో, స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న అసలు స్టీరింగ్. చాలా చోట్ల క్యాట్ లేని కారు పొగ పరీక్షలో నెగ్గదు, రోడ్డు మీద నడపడానికి కుదరదు, అలాంటి కారుకు స్టాక్ పార్టుల అట్టపెట్టెలే బేరాన్ని నిలబెడతాయి. ఇంజిన్ మార్చిన కారైతే ఇప్పుడున్న ఇంజిన్ నంబరూ రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరూ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే ప్రకటన పెట్టకముందే సరిచేయించాలి.

4. ఏ దారిలో అమ్మాలి

నాలుగు దారులున్నాయి. బాగు చేయించి అమ్మడం చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, టర్బో ఇంజిన్ విప్పితే లెక్క అక్కడితో ఆగదు. బేరింగుల కోసం దించితే క్లచ్ కనిపిస్తుంది, లోహపు రజను పాకిన ఆయిల్ కూలర్ మార్చాలి, టర్బో కూడా అదే ఆయిల్ తాగింది కదా. పైగా "ఇప్పుడే ఇంజిన్ చేయించాను" అనే కారును చూస్తే కొనేవాళ్ళకు ధైర్యం రాదు, ఎందుకు అమ్ముతున్నావన్న అనుమానం వస్తుంది. పోయింది గ్యాస్కెటో టర్బోనో అయితే బాగు చేయించండి. కింది భాగం పోతే నా సలహా వద్దనే.

ఉన్నది ఉన్నట్టు మొత్తంగా అమ్మడం అన్నిటికన్నా తొందరైన దారి, డబ్బు తక్కువ. మూడోది మధ్యేమార్గం, నాకు ఎక్కువ నచ్చేది: తేలిగ్గా ఊడి వచ్చే, గిరాకీ ఉన్న పార్టులు తీసి విడిగా అమ్మి, వాటి చోట స్టాక్‌వి బిగించి కారును కారుగా అమ్మడం. వీల్స్, కాయిలోవర్లు, సీట్లు, బ్రేక్ కిట్, గేజ్‌లు, ఈసీయూ ఈ పద్ధతికి సరిపోతాయి. స్టాక్ పార్టులు మీ దగ్గర లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. వీల్స్ తీసి ఇటుకల మీద నిలబెట్టిన కారును ఎవరూ కారుగా కొనరు.

నాలుగోది మొత్తం విప్పి ముక్కలుగా అమ్మడం. కాగితం మీద ఇదే అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది. కానీ మంచి పార్టులు మొదటి వారంలో పోతాయి, తర్వాత డోర్ ప్యానెల్సూ వైరింగూ డ్యాష్‌బోర్డూ ఎవరికీ అక్కర్లేక మీ షెడ్డులో పడుంటాయి, ప్రతి పార్టుకూ ప్యాకింగ్, కొరియర్, "ఇది నా కారుకు పడుతుందా అన్నా" అనే ప్రశ్నలు. చివర మిగిలిన షెల్‌ను (ఖాళీ బాడీని) తుక్కుకు పంపడానికి కూడా దాన్ని లారీ ఎక్కించాలి, చక్రాలు లేకపోతే అదో టెన్షన్. చోటు, పనిముట్లు, తీరిక మూడూ ఉన్నవాళ్ళకే ఇది. కారు మీద ఫైనాన్స్ ఇంకా ఉంటే అప్పిచ్చినవాళ్ళ అనుమతి లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పకండి.

5. ధర

లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. మీ మోడల్, అదే ఏడాది, మాడిఫికేషన్లు లేకుండా బాగా నడిచే కారు ఎంతకు అమ్ముడవుతోందో చూడండి. అడుగుతున్న ధరలు కాదు, అమ్ముడైనవి. అది 100 అనుకుందాం. ఇద్దరు మెకానిక్‌ల దగ్గర ఇంజిన్ పనికి రాతపూర్వకంగా అంచనా తీసుకుని ఎక్కువ చెప్పినదాన్నే పట్టుకోండి, అది 35 అనుకుంటే మిగిలింది 65. కొనేవాడు పడే శ్రమకూ, విప్పాక బయటపడే కొత్త ఖర్చుకూ ఇంకో 15 పోతుంది, 50. మంచి బ్రాండ్ పార్టులు, బిల్లులతో సహా ఉంటే ఒక 10 కలపండి. 60 దగ్గర ప్రకటన పెట్టి 50 దగ్గర ఆగడానికి మనసులో సిద్ధపడండి. ఈ అంకెలు ఉదాహరణకే, లెక్క వరుస మాత్రం అన్ని కార్లకూ ఇదే. ఇప్పుడు పార్టులన్నీ సెకండ్ హ్యాండ్‌లో విడిగా ఎంతకు పోతాయో ఇంకో కాగితం మీద కూడండి. ఆ మొత్తం ఈ 50 కన్నా బాగా ఎక్కువైతేనే స్పానర్ పట్టుకోండి, కొంచెమే ఎక్కువైతే మీ సెలవు రోజుల విలువ కూడా లెక్కేయండి.

కొన్ని మోడళ్ళలో మాడిఫికేషన్ ధరను పెంచదు, తగ్గిస్తుంది. ఫెండర్లు కోసి వెడల్పు చేసినవి, స్ప్రింగులు కోసి దించినవి, వైరింగ్‌ను ఇష్టం వచ్చినట్టు అతికినవి అలాంటివే. వాటికి అదనంగా ఏమీ అడగకండి.

6. శుభ్రం, ఫొటోలు

కారును కడిగి లోపల దుమ్ము దులపండి. ఇంజిన్ మీద మాత్రం నీళ్ళు కొట్టి తళతళలాడించకండి, ఆయిల్ లీకును దాచడానికి కడిగారనుకుంటారు. గుడ్డతో తుడిస్తే చాలు. పగటి వెలుతురులో నాలుగు వైపులా, కింది భాగం, తుప్పు ఉన్న చోట్లు, టర్బో, పార్టుల మీద బ్రాండ్ నంబర్లు, మీటర్ రీడింగ్, స్టాక్ పార్టుల కుప్ప, కాగితాలు తీయండి. గీతలూ సొట్టలూ దగ్గర నుంచి తీయండి. వీడియోకు పాట పెట్టొద్దు, చప్పుడు వినాలనే కదా చూసేది.

చాలా రోజులు నిలిచిపోయే కారైతే బ్యాటరీ తీసి ఛార్జింగ్‌లో పెట్టండి, టైర్లలో గాలి నింపండి, చదునైన నేల మీద చక్రాలకు రాళ్ళు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదిలేయండి, లేకపోతే పట్టేస్తుంది. ట్యాంకులో ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం) ఉంటే చెప్పి తీరాలి. అది తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి ఉంచడం మంచిది కాదు.

7. ప్రకటన

మొదటి వాక్యంలోనే ఇంజిన్ పోయిందని రాయండి. చివర్లో చిన్నగా రాస్తే వందమంది ఫోన్ చేస్తారు, విని పెట్టేస్తారు. ఇలా ఉంటే చాలు:

"ఇంజిన్ రిపేరు అవసరమైన టర్బో మాన్యువల్ కారు, ప్రాజెక్టుగానో విడిభాగాలకో. నాలుగో సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, లీక్‌డౌన్‌లో గాలి ఆయిల్ మూత నుంచి వస్తోంది, రిపోర్టు జత చేశాను. స్టార్ట్ అవుతుంది, నడపకూడదు, లారీ మీద తీసుకెళ్ళాలి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టర్బో బాగున్నాయి. పార్టుల జాబితా కింద ఉంది, స్టాక్ ఎగ్జాస్ట్, స్టాక్ సస్పెన్షన్ కారుతో పాటు ఇస్తాను. కుడి వెనక ఫెండర్‌కు తుప్పు ఉంది. పార్టులు విడిగా ఇవ్వను. టెస్ట్ డ్రైవ్ ఉండదు."

"పార్టులు విడిగా ఇవ్వను" అన్న మాట మరిచిపోకండి, లేకపోతే వీల్స్ మాత్రం ఇస్తావా అని రోజుకు పదిమంది అడుగుతారు. మామూలు కార్ల ప్రకటనల కన్నా అదే మోడల్ ఇష్టపడేవాళ్ళున్న చోట ఎక్కువ ఫలితం. అక్కడ ఎవడో ఒకడి దగ్గర మంచి ఇంజిన్ ఉండి, యాక్సిడెంట్‌లో బాడీ పోయి ఉంటుంది. మీ కారుకు అసలైన కొనుగోలుదారు వాడే. ఎక్స్ఛేంజ్‌కు డీలర్ దగ్గరికి తీసుకెళ్తే మీ టర్బోకూ కాయిలోవర్లకూ సున్నా వేస్తాడు, అక్కడ అడిగి మనసు పాడు చేసుకోకండి.

8. బేరం

"లాస్ట్ ఎంత?" అని కారు చూడకుండా మెసేజ్ పెట్టేవాళ్ళకు ధర చెప్పొద్దు, వచ్చి చూస్తే మాట్లాడదాం అనండి. వచ్చినవాడికి రిపోర్టులన్నీ చేతికివ్వండి. తన మెకానిక్‌ను తెచ్చుకుంటానంటే సంతోషంగా ఒప్పుకోండి, కొనే ఉద్దేశం ఉన్నవాడే ఆ ఖర్చు పెట్టుకుంటాడు. ప్లగ్గులు విప్పుతానన్నా విప్పనివ్వండి. ఇంజిన్ స్టార్ట్ చేయాల్సి వస్తే మాత్రం మీరే, ఒక్కసారే చేయండి, కింది భాగంలో చప్పుడుంటే వీడియోనే చూపించండి. చూసి "ఇంజిన్ పోయింది కదా" అని మళ్ళీ తగ్గించబోతే, అది ధరలో ముందే తగ్గించామని అంచనా కాగితం చూపించండి. దాచినది ఏమీ లేనప్పుడు బేరం ఎంతో దూరం పోదు.

అడ్వాన్సు తీసుకుంటే ఎంత, ఏ తేదీలోపు కారు తీసుకెళ్ళాలి, రాకపోతే ఆ డబ్బు ఏమవుతుంది, మూడూ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అడిగిన దానికన్నా ఎక్కువ పంపి మిగతాది తిరిగి పంపమనేవాడు, కారు చూడకుండా మొత్తం డబ్బు ఇస్తాననేవాడు మోసగాడే అనుకోండి.

9. డబ్బు, కాగితాలు

స్క్రీన్‌షాట్ చూసి తాళాలివ్వకండి, డబ్బు మీ ఖాతాలో పడిందని మీ బ్యాంకు యాప్‌లో మీరే చూడాలి. రసీదులో ఛాసిస్ నంబర్, మీటర్ రీడింగ్, తేదీ, టైము, ధర రాసి "ఇంజిన్ లోపం కొనేవారికి తెలుసు, పరీక్ష రిపోర్టులు అందాయి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, రోడ్డు మీద వాడకానికి అనుమతి లేని మార్పులున్నాయి" అని చేర్చి ఆ మార్పులు ఏవో పేర్లతో రాయండి. ఉన్నది ఉన్నట్టు అని రాసుకున్నంత మాత్రాన తెలిసి దాచిన లోపానికి రక్షణ రాదు, అందుకే తెలిసినవన్నీ ఆ కాగితంలోకి ఎక్కించడం మీకే మంచిది. యాజమాన్య బదిలీని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు మీరే తెలియజేయండి, కొన్నవాడు చేస్తాడులే అని వదిలేస్తే రేపు వాడికి పడే చలాన్లు మీ పేరు మీద వస్తాయి. బదిలీ నమోదయ్యాకే ఇన్సూరెన్స్ రద్దు చేయండి.

10. కారు ఎక్కించడం

ఈ కారును ఫ్లాట్‌బెడ్ మీదే పంపాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే రెండు చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ పాడవుతాయి, బాగున్నాయని మీరు రాసినవి అవే. కిందికి దించిన కారైతే ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపర్ గీరుకుంటుంది, కాబట్టి కారు ఎత్తు ఎంతో లారీవాడికి ముందే చెప్పి చెక్క పలకలు తెప్పించండి. టో హుక్ స్క్రూ చేసే రకం అయితే అది టూల్ కిట్‌లో ఉందో లేదో ముందు రోజే చూసుకోండి. బంపర్ మార్చిన కార్లలో దాని రంధ్రం మూసుకుపోయి ఉండడం మామూలే. స్టీరింగ్ లాక్ తీసి ఉండాలి, ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ అయితే బ్యాటరీ కారులోనే ఉండాలి.

లారీ కదలకముందు కారుతో పోవాల్సిన పెట్టెలన్నీ ఎక్కాయా చూసి, కొన్నవాడితో కలిసి జాబితా టిక్కు పెట్టుకోండి. ఫోన్ బ్లూటూత్ జతను తీసేయండి, గేజ్ యాప్‌లోంచీ ట్రాకర్‌లోంచీ మీ ఖాతా తొలగించండి. ట్యూన్ ఫైల్‌నూ డైనో షీట్‌నూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. వారం తర్వాత ఫోన్ చేసి ఏ ఆయిల్ వాడారు, ఏ సెన్సర్ ఎక్కడుంది అని అడిగితే చెప్పండి.